అందాజ గారికి ఒక బహిరంగ లేఖ

శ్రీయుత అందాజ గారికి,

నల్లగొండలో చెట్లు కోసే మిషన్లు రిపేరు చేసుకుని బతికే ఒక మెకానిక్ నమస్కరించి రాయునది. మీ క్షేమం అడగనక్కర్లేదు. హాలియా నుంచి దేవరకొండ దాకా ఏ ఊరి మిషన్ నా బల్ల మీదికి వచ్చినా, పెట్రోల్ ట్యాంకు మూత తీసి వాసన చూస్తే చాలు, మీరు నిక్షేపంగా ఉన్నారని తెలిసిపోతుంది.

కూరలో ఉప్పు, గోడకు సిమెంటు, పెళ్లికి బియ్యం... అన్నీ మీ చేతి మీదే నడుస్తున్నాయి. అక్కడ మీతో నాకు పేచీ లేదు. మా అమ్మ కూడా మీ శిష్యురాలే, ఆవిడ పప్పుచారు ఇంతవరకు తప్పు పోలేదు. మీరు రెండు స్ట్రోకుల ఇంజన్ జోలికి వచ్చినప్పుడే నాకు కడుపు మండుతుంది.

బైకు ఇంజన్‌లో అడుగున ఆయిల్ ఉంటుంది, కాబట్టి మీ ఆటలు కొంతకాలం సాగుతాయి. రంపం మిషన్ ఇంజన్‌కు ఆ వసతి లేదు. పెట్రోల్‌లో కలిపిన 2టీ ఆయిలే, అంటే రెండు స్ట్రోకుల ఇంజన్ల ఆయిలే, దానికి దిక్కు. కంపెనీ మిషన్‌కు మంచి ఆయిల్ అయితే 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. చవక మిషన్ల పుస్తకాల్లో చాలావరకు 25కి 1 అని ఉంటుంది, అంటే 40. పిస్టన్ నిమిషానికి పది పన్నెండు వేల సార్లు పైకీ కిందికీ కొట్టుకుంటుంటే ఈ నాలుగు చుక్కలే దాన్ని కాపాడాలి. మీరేమో వాటర్ బాటిల్‌లో పెట్రోల్ పట్టించి, పైన కొంచెం ఆయిల్ ఒంపి, రంగు చూసి "సరిపోతది తియ్" అంటారు. ఆ రంగు ఆయిల్ కంపెనీ వాడు వేసింది. ఒకడి ఆయిల్ ఎర్రగా ఉంటుంది, ఇంకొకడిది పచ్చగా ఉంటుంది. రంగును బట్టి కొలత కట్టే విద్య మీ ఒక్కరికే తెలుసు.

మొన్న సాగర్ ఎడమ కాలువ వైపు నుంచి సర్కారు తుమ్మ కొట్టే అతను మిషన్ తెచ్చాడు. "అన్నా, తాడు గుంజితే దూదిలెక్క వస్తుంది, స్టార్ట్ అయితలేదు" అన్నాడు. స్టార్టర్ పిడి పట్టుకుని మిషన్‌ను గాలిలో వేలాడదీశాను. కంప్రెషన్, అంటే లోపల గాలిని నొక్కిపట్టే బిగువు, ఉన్న ఇంజన్ ఆగి ఆగి దిగుతుంది. ఇది చేద బకెట్‌లా సర్రున జారింది. కంప్రెషన్ గేజి పెడితే 80 పీఎస్‌ఐ దగ్గర ఆగింది. 150 ఉండాల్సిన చోట అది. సైలెన్సర్ విప్పి పొగ బయటికి పోయే రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ ముఖం కనిపించింది, మీ సంతకం నిలువుగా గీతలు గీతలుగా. గోరు పెడితే గోరు ఆగుతోంది. రింగు గాడిలోనే అతుక్కుపోయింది. సిలిండర్ గోడకు పిస్టన్ అల్యూమినియం వెండిపూతలా అంటుకుంది.

ఇక్కడ మీరు నా షాపులోకే వచ్చి కూర్చుంటారు. "ఏముందన్నా, బోరింగ్ కొట్టించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేసేయ్" అని ఆ తుమ్మ కొట్టే అతని నోటితో మీరే పలుకుతారు. అయ్యా, చాలా బైకులకు సిలిండర్‌లో ఇనుప స్లీవ్ ఉంటుంది, లేత్ షాపుకు పంపితే చెక్కి ఇస్తారు. దీనిది అల్యూమినియం సిలిండర్, లోపల గట్టి పూత. ఆ పూత చెక్కితే ఇక మిగిలేది పాత సామాను వాడికే. అంటుకున్న అల్యూమినియాన్ని బాత్‌రూమ్ యాసిడ్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో, ఆ మరక మీద మాత్రమే రుద్ది తీయాలి. పక్కనున్న పోర్టుల (గాలీ పొగా పోయే రంధ్రాల) అంచులకు తగిలితే వాటినీ తినేస్తుంది. కడిగాక కింద పూత నున్నగా ఉంటే సిలిండర్ బతికినట్టు, లేదంటే కొత్తది కొనాల్సిందే. ఈసారి బతికింది.

కొత్త పిస్టన్ వేసి పంపడం గంట పని. మీరు కోరేదీ అదే. కానీ గీతలు చుట్టూ లేవు, పొగ పోయే వైపే ఉన్నాయి. ఆయిల్ బొత్తిగా లేకపోతే మామూలుగా చుట్టూ గీసుకుపోతుంది. ఒక వైపే కాలిందంటే, ఎక్కడో దొంగగాలి లాగి పెట్రోల్ పల్చబడిందని నా అనుమానం. సైకిల్ ట్యూబు ముక్కలతో కార్బురేటర్ దారీ సైలెన్సర్ దారీ మూసి, లోపలికి కొంచెం గాలి పట్టించి సబ్బు నీళ్లు రాశాను. ఫ్లైవీల్ వెనక ఆయిల్ సీలు దగ్గర బుడగలు లేచాయి. సీలు గట్టిపడి చిట్లింది. అది మార్చకుండా పిస్టన్ వేస్తే కొత్త పిస్టన్‌కూ అదే గతి. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు పెట్టాను, పిస్టన్ పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్పులు కొత్తవి వేశాను. "పాతవి మంచిగనే ఉన్నయ్ గదా" అని మీరు గొణిగారు, విన్నాను. పాత క్లిప్పు ఊడి సిలిండర్‌లో పడితే ఎంత ఖర్చో ఆ సంగతి మీరు ఎన్నడూ చెప్పరు.

ఇక కార్బురేటర్ స్క్రూ. అదంటే మీకెంత ప్రేమో! మిషన్ సన్నగా, ఈల వేసినట్టు అరిస్తే పవర్ వచ్చిందని మీ సిద్ధాంతం. అది పెట్రోల్ చాలని ఇంజన్ చావు కేక. కట్టె మీద పెట్టకుండా ఫుల్ రేస్ ఇస్తే కొంచెం బరబరమనాలి, కట్టెలో దిగగానే ఆ బరబర పోయి గొంతు శుభ్రపడాలి. అలా సెట్ చేసి ఇస్తే, "పికప్ తగ్గిందే" అని ఊరికి పోయి పావు చుట్టు బిగిస్తారు. మళ్లీ నా బల్ల మీదికే వస్తుంది. ఇప్పుడు బంకులో పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కూడా ఉంటోంది. కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో మురగబెట్టి, కార్బురేటర్ డయాఫ్రమ్, అంటే లోపలి పల్చటి పొర, అట్ట ముక్కలా మారాక "పెట్రోల్ కల్తీ" అంటారు. అదీ మీ లెక్కే.

అందుకే మీ మీద ఒక ఆయుధం కనిపెట్టాను. బాగుచేసిన ప్రతి మిషన్‌కూ దగ్గుమందు సీసా మీదుండే ప్లాస్టిక్ మూత ఒకటి తాడుతో కట్టి ఇస్తున్నాను. పది మిల్లీల దగ్గర మార్కర్‌తో గీత గీసి, "లీటరుకు ఇన్ని మూతలు" అని మిషన్ మీదే రాస్తున్నాను. తుమ్మ కొట్టే అతనికీ కట్టాను. వారం తిరగకముందే ఫోన్ వచ్చింది.

"అన్నా, మూత తెగి కాలువల పడ్డది. ఇయ్యాళ్టికి అందాజగ పోసుకోనా?"

మెడికల్ షాపుకు పోయి దగ్గుమందు కొనుక్కోమన్నాను.

ఇట్లు,
మీ వల్లే నాలుగు రాళ్లు సంపాదించుకుంటున్న
ఒక మెకానిక్