ఇంటి వీడియోలకు కెమెరా కొంటున్నారా? 4కె సంగతి తర్వాత, ముందు దూరం, గొంతు చూడండి

ఆన్‌లైన్ షాపింగ్ యాప్‌లో కామ్‌కార్డర్ (వీడియో తీయడానికే చేసిన చేతి కెమెరా) అని కొట్టి చూస్తే, ఎన్నడూ వినని పేర్లతో కెమెరాలు వరసగా కనిపిస్తాయి. అన్నిటి మీదా అవే మాటలు: 4కె, 48 మెగాపిక్సెల్, 18ఎక్స్ జూమ్, నైట్ విజన్. ధర మాత్రం ఒక మాదిరి ఫోన్ కంటే తక్కువే ఉంటుంది. పాప మొదటి పుట్టినరోజు దగ్గర పడిందనో, బాబు స్కూల్ యానివర్సరీలో డ్యాన్స్ చేస్తున్నాడనో కంగారుగా వెతుకుతున్నవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అలాంటి డబ్బా కొనేకంటే చేతిలో ఉన్న ఫోన్‌తోనే తీసుకోవడం మేలు. కొనాలనే అనుకుంటే బాక్స్ మీది అంకెలు పక్కన పెట్టి రెండే ప్రశ్నలు వేసుకోవాలి. మనం ఎంత దూరం నుంచి తీయబోతున్నాం? ఎవరి గొంతు వినాలనుకుంటున్నాం?

మార్కెట్ ఇలా ఎందుకు తయారైందో తెలిస్తే కొనేటప్పుడు సగం తప్పులు తగ్గుతాయి. సోనీ హ్యాండీక్యామ్ 1985లో వచ్చింది. ఆ తర్వాత పాతికేళ్ల పాటు ఇంటి వీడియో అంటే కామ్‌కార్డరే. టేపులు పోయి మెమరీ కార్డులొచ్చాయి, 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ఏవీసీహెచ్‌డీ అనే హెచ్‌డీ రికార్డింగ్ ఫార్మాట్ తెచ్చాయి. తక్కువ ధరలో ఫ్లిప్ అనే చిన్న కెమెరా అమెరికాలో విపరీతంగా అమ్ముడుపోయింది. 2009లో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో ఆ కెమెరా తయారుచేసే కంపెనీని దాదాపు 59 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది, 2011 ఏప్రిల్‌లో ఫ్లిప్ వ్యాపారాన్ని మూసేసింది. ఈలోగా ఫోన్లు వీడియో తీయడం నేర్చుకున్నాయి. చవక కామ్‌కార్డర్‌కు గిరాకీ పడిపోగానే పెద్ద కంపెనీలు ఆ ధరలో కొత్త మోడళ్లు తేవడం దాదాపు మానేశాయి. సోనీ బడ్జెట్ హ్యాండీక్యామ్ సీఎక్స్405 వచ్చింది 2015లో. ఇప్పటికీ చవక కామ్‌కార్డర్ అంటే జనం చెప్పే పేరు అదే. ఖాళీ అయిన ఆ చోట్లోకి వచ్చి కూర్చున్నవే ఈ పేరు తెలియని 4కె డబ్బాలు.

వాటిలో చాలావాటికి లెన్స్ కదలదు. ఫోకస్ ఒకే దూరానికి బిగించేసి ఉంటుంది. వాటి జూమ్ డిజిటల్ జూమ్, అంటే ఉన్న బొమ్మనే సాగదీయడం. 4కె అన్నది కూడా చాలాసార్లు తక్కువ రిజల్యూషన్‌లో తీసి పెద్దది చేసిందే. చేయి వణికితే సరిదిద్దే ఆప్టికల్ స్టెబిలైజేషన్ ఉండదు. వీటిని పట్టుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. లెన్స్ చుట్టూ రాసిన అంకెలు చూడండి. నిజమైన జూమ్ లెన్స్ మీద రెండు అంకెలుంటాయి, మధ్యలో గీతతో. సీఎక్స్405 లెన్స్ 1.9 నుంచి 57 మిల్లీమీటర్లు. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే 30 వస్తుంది, అదే దాని ఆప్టికల్ జూమ్, అంటే బొమ్మను సాగదీయకుండా లెన్సే దగ్గరకు తెచ్చే జూమ్. ఒకే అంకె ఉంటే ఆ లెన్స్‌కు ఆప్టికల్ జూమ్ లేనట్టే, బాక్స్ మీద ఎన్ని ఎక్స్‌లు అచ్చేసినా సరే. ఫోటోల్లో లెన్స్‌ని దగ్గరగా చూపించని అమ్మకందారు దగ్గర అసలు కొనకండి.

ఆ 30 ఎక్కడ పనికొస్తుందో స్కూల్ ఫంక్షన్‌లో తెలుస్తుంది. తల్లిదండ్రులకు స్టేజీకి 80 అడుగుల దూరంలో కుర్చీ దొరికిందనుకుందాం, ముందు వరసలన్నీ ముఖ్య అతిథులకే కదా. మామూలు ఫోన్ మెయిన్ కెమెరాతో తీస్తే అక్కడి నుంచి ఫ్రేమ్‌లోకి వచ్చే వెడల్పు వంద అడుగుల పైమాటే. స్టేజీ, పక్కనున్న స్పీకర్ బాక్సులు, ముందు కూర్చున్నవాళ్ల తలలు అన్నీ పడతాయి, మన పిల్ల అగ్గిపుల్లంత ఉంటుంది. ఐదు రెట్ల టెలిఫోటో లెన్స్ ఉన్న ఖరీదైన ఫోన్‌తో అది సుమారు 24 అడుగులకు తగ్గుతుంది, అంటే ఒక వరసలో డ్యాన్స్ చేసే పిల్లలందరూ వస్తారు. 30 రెట్ల ఆప్టికల్ జూమ్ పూర్తిగా లాగితే దాదాపు మూడున్నర అడుగులు. పిల్ల ముఖం, ఛాతీ వరకు నిండుగా కనిపిస్తుంది, స్టెప్ మర్చిపోయి పక్కపిల్ల వైపు చూసిన చూపు కూడా. అక్కడ కామ్‌కార్డర్‌కు ఇప్పటికీ మామూలు ఫోన్ సాటిరాదు. కాకపోతే అంత జూమ్‌లో చేతిలో పట్టుకుంటే స్టెబిలైజేషన్ ఉన్నా బొమ్మ ఊగుతుంది, చిన్న ట్రైపాడ్ తప్పనిసరి.

అదే కెమెరాని రాత్రి ఇంట్లో, ఒకే బల్బు వెలుతురులో పెట్టండి, ఫోన్ గెలుస్తుంది. అంత పొడవైన జూమ్ అంత చిన్న ఒంట్లో ఇమడాలంటే సెన్సర్, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే చిప్, చాలా చిన్నది కావాలి, చిన్నదానికి అందే వెలుతురూ తక్కువే. సీఎక్స్405 సెన్సర్ సైజు 1/5.8 అంగుళం. మంచి ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ వైశాల్యం దానికి ఎన్నో రెట్లుంటుంది. కాబట్టి బారసాల, అన్నప్రాసన, పుట్టినరోజు కేక్ లాంటివి, పది అడుగుల లోపు జరిగేవి, మీ ఇంట్లో ఎక్కువైతే అసలు కామ్‌కార్డరే అవసరం లేదని నా లెక్క. ఆ డబ్బుతో మంచి మైక్ కొనండి.

మైక్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో వీడియో పాడయ్యేది బొమ్మ వల్ల కంటే శబ్దం వల్లే ఎక్కువ. హాల్లో అమ్మమ్మను కూర్చోబెట్టి పెళ్లి నాటి సంగతులు చెప్పమంటాం. పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కర్ కూస్తుంది. కెమెరా గది చివర ఉంటుంది. దూరం రెట్టింపైతే మైక్‌ను చేరే శబ్ద తీవ్రత దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది, గది గోడల ప్రతిధ్వని మాత్రం అలాగే ఉంటుంది. దీనికి తోడు ఈ కెమెరాలన్నీ శబ్దాన్ని వాటంతటవే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. అమ్మమ్మ ఒక పేరు గుర్తు తెచ్చుకోవడానికి ఆగితే, ఆ నిశ్శబ్దాన్ని నింపడానికి కెమెరా లెవెల్ పెంచేస్తుంది, ఫ్యాన్ హోరు పైకి లేస్తుంది. ఆమె మళ్లీ మొదలెట్టగానే మొదటి మాట పగిలినట్టు వినిపించి తర్వాత సర్దుకుంటుంది. పెళ్లిలో దీనికి ఉల్టా. జీలకర్ర బెల్లం సమయానికి గట్టిమేళం మోగుతుంది, చవక మైక్ ఆ చప్పుడు తట్టుకోలేక గరగరమంటుంది, సరిగ్గా ఆ క్షణంలో పురోహితుడి మంత్రం పూర్తిగా మునిగిపోతుంది.

అందుకే కామ్‌కార్డర్ కొనేటప్పుడు బయటి మైక్ పెట్టుకునే రంధ్రం ఉందో లేదో చూడటం, నా దృష్టిలో, 4కె ఉందో లేదో చూడటం కంటే ముఖ్యం. సీఎక్స్405కి ఉన్న పెద్ద లోటు ఇదే, దానికి మైక్ సాకెట్ లేదు. కెనాన్ ఆర్800లో ఉంది, పానసోనిక్ వి785లో ఉంది, సోనీ ఏఎక్స్43లోనూ ఉంది, ఈ చివరిదాని ధర మాత్రం మామూలు ఇంటి బడ్జెట్‌కు అందదు. సాకెట్ లేని కెమెరా ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయక్కర్లేదు. ఒక ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మాట్లాడేవాళ్ల ఒళ్లో గానీ, చొక్కా జేబులో గానీ పెట్టండి. మొదట్లో కెమెరాకు కనిపించేలా ఒకసారి గట్టిగా చప్పట కొట్టండి. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలిపితే ఫోన్‌లోని శుభ్రమైన గొంతు వీడియోకి అతుకుతుంది. సినిమా షూటింగుల్లో క్లాప్ కొట్టడం వెనకున్న కారణాల్లో ఇదొకటి. ఆ పది నిమిషాలు ఫ్యాన్ ఆపడం ఇంకా తేలిక, ఎండాకాలమైతే అమ్మమ్మే ఒప్పుకోదనుకోండి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, మేనత్తో కెమెరా తెస్తామంటే ఒక్క విషయం అడిగి తెలుసుకోండి. అక్కడ అమ్మే బడ్జెట్ కామ్‌కార్డర్లు చాలావరకు సెకనుకు 30 లేదా 60 ఫ్రేములే తీస్తాయి, ఎందుకంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 ఆవర్తనాలు. మన కరెంటు 50. పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు ఇక్కడ సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. ఈ రెండూ పొసగక కల్యాణ మండపంలో తీసిన వీడియోలో నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతుంటాయి. షటర్ స్పీడ్‌ని (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పట్టే సమయాన్ని) చేత్తో సెకనులో 1/50కో 1/100కో మార్చుకోగలిగితే చాలావరకు పోతుంది, కానీ చవక మోడళ్లలో ఆ వీలు చాలాసార్లు ఉండదు. అలాంటప్పుడు అక్కడ ధర కొంచెం తక్కువని తెప్పించుకోవడం కంటే ఇక్కడే కొనడం నయం.

సెకండ్ హ్యాండ్‌కు నేను గట్టిగా ఓటేస్తాను. పేరున్న కంపెనీ పాత కెమెరా, పేరులేని కంపెనీ కొత్త కెమెరా కంటే దాదాపు ప్రతి విషయంలో మెరుగు. టేపుతో నడిచేవి, హార్డ్ డిస్క్ ఉన్నవి మాత్రం వద్దు. మెమరీ కార్డు మీద రికార్డ్ చేసేవే చూడండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న కెమెరా అయితే ఫోన్ టార్చ్ వేసి లెన్స్ లోపలికి ఒకవైపు నుంచి చూడండి. సన్నటి సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్, శుభ్రం చేయించే ఖర్చుకు ఆ కెమెరా తగదు. స్క్రీన్‌ని పూర్తిగా తెరిచి, తిప్పి, మూసి చూడండి. లోపలి రిబ్బన్ వైరు దెబ్బతింటే ఒక కోణంలో బొమ్మ వచ్చి ఇంకో కోణంలో పోతుంది. ఆ మోడల్ బ్యాటరీ ఇంకా దొరుకుతోందో లేదో కొనకముందే వెతకండి.

కార్డు విషయంలో కక్కుర్తి పడొద్దు. సెకనుకు 50 మెగాబిట్ల నాణ్యతతో ఫుల్ హెచ్‌డీ తీస్తే గంటకు 22 జీబీ దాటుతుంది, 4కె 100 మెగాబిట్లతో అయితే 45 జీబీ. ఇంటి వాడకానికి 17 మెగాబిట్ల సెట్టింగ్ బాగానే సరిపోతుంది, అప్పుడు గంటకు ఎనిమిది జీబీ లోపే. ఆ రాత్రే కంప్యూటర్‌లోకి, ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అనుకోకండి, అక్కడికి వెళ్లేసరికి వీడియో బాగా కుదించుకుపోతుంది.

ఏడాదికి ఒకటి రెండు స్కూల్ ఫంక్షన్లే మీ అవసరమైతే కొనడం కూడా ఎందుకు? హైదరాబాద్ లాంటి నగరాల్లో కెమెరాలు రోజు లెక్కన అద్దెకిస్తారు, డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. పిల్లలు ఆటల్లోనో, నాట్యంలోనో ఉండి నెలకోసారైనా దూరం నుంచి తీయాల్సి వచ్చేవాళ్లకు 30 రెట్ల ఆప్టికల్ జూమ్, మైక్ సాకెట్ రెండూ ఉన్న ఫుల్ హెచ్‌డీ కామ్‌కార్డర్ సరైన ఎంపిక. పెద్దవాళ్ల మాటలు దాచుకోవాలనుకునేవాళ్లకు ఫోన్, కాలర్ మైక్ చాలు. ఏది కొన్నా వాపసు గడువు ముగియకముందే రెండు పరీక్షలు పెట్టండి. మేడ మీద నుంచి వీధి చివరి ఇంటి నేమ్‌ప్లేట్‌ని జూమ్ చేసి తీసి, అది చదవగలుగుతున్నారేమో టీవీలో చూడండి. ఫ్యాన్ కింద ఒక మనిషితో ఐదు నిమిషాలు మాట్లాడించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మీ అవసరం దూరమైతే మొదటిది, మాటలైతే రెండోది తప్పకుండా పాసవ్వాలి, లేకపోతే మొహమాటపడకుండా తిరిగి పంపేయండి.