అతిథి విగ్రహానికి, ఇంటివాళ్ల తరఫున

ఫ్రాన్స్‌లోని బర్గండీలో, అలీజ్-సాంత్-రేన్ ఊరి పైన, ఓసువా కొండ మీద 1865 నుంచి కదలకుండా నిలబడ్డ, రోమన్లని ఎదిరించిన గాల్ (అంటే ఆనాటి ఫ్రాన్స్) తెగల నాయకుడు వెర్సింజెటోరిక్స్ విగ్రహం గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేం క్షేమం. మీరూ క్షేమమే అయి ఉంటారు. తిండి అక్కర్లేని ఒళ్లు కదా, క్షేమానికేం లోటు.

ఈ ఉత్తరం పశువుల సంగతి గురించి.

క్రీ.పూ. 52లో మీ గుర్రపు దళం రోమన్ సేనాని సీజర్ చేతిలో చావుదెబ్బ తిన్నాక, మీరు 80,000 మందిని వెంటేసుకుని ఈ కొండెక్కారు. (లెక్క సీజర్‌ది, ఈ యుద్ధం గురించి తనే రాసుకున్న పుస్తకంలోది. ఓడిపోయినవాళ్ల సంఖ్య గెలిచినవాడు చెప్తే కాస్త ఎక్కువే పలుకుతుంది, అయినా ప్రస్తుతానికి ఒప్పుకుందాం.) మీరొచ్చేసరికే కొండ మీద ఒక ఊరుంది. పేరు అలీజియా. ఊరు మాండుబీలది. మాండుబీలంటే ఎవరని మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ మీ కాళ్ల దగ్గర ఫొటోలు దిగేవాళ్లకి చెప్పాలి, ఎందుకంటే మీ దిమ్మె మీద వాళ్ల పేరు లేదు. ఒకవైపు ఏడుయీలు, ఇంకోవైపు లింగోన్లు, రెండు మండువా లోగిళ్ల మధ్య పూరిపాకలా ఇరుక్కుపోయిన బుల్లి తెగ వాళ్లు. గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో పాపం వీళ్ల పేరు ఎత్తాడు గానీ, వీళ్ల పొరుగువాళ్లు మీ సొంత తెగ ఆర్వెర్నీలని రాసి ఊరుకున్నాడు. ఆర్వెర్నీల దేశం ఎక్కడ, అలీజియా ఎక్కడ! వీళ్ల ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా ఎవరికీ పట్టలేదన్నమాట.

అలాంటివాళ్లు మీకు తలుపు తీశారు. తియ్యకుండా ఉండగలిగేవారా అంటే, ఏమో. ఆ ఏడాదే బిట్యూరిగులనే ఇంకో గాల్ తెగ ఊళ్లు 20కి పైగా ఒక్క రోజులో తగలబెట్టించిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడితే, గొళ్లెం దానంతటదే ఊడి వస్తుంది. రోమన్లకి గింజ దొరకకూడదని కదా ఆ మంటలు. వ్యూహమే, కాదనను. కాకపోతే మీ వ్యూహాలన్నీ ఎప్పుడూ పక్కవాళ్ల గాదెల్లోంచే మొదలయ్యేవి.

ఇప్పుడు పశువులు. మాండుబీలు తమ మందలన్నీ ముందే కొండ మీదికి తోలిపెట్టుకున్నారు, చాలా ఉన్నాయని సీజరే రాశాడు. మీరొచ్చి వాటిని మనిషికింత అని మీ సైనికులకి పంచేశారు. ఇళ్లలో దాచుకున్న ధాన్యమంతా తెచ్చి అప్పగించాలన్నారు, తేనివాళ్లకి మరణశిక్ష అన్నారు. గింజలు 30 రోజులకి వస్తాయని లెక్కేసి, కొంచెం కొంచెంగా కొలిచి పెట్టడం మొదలెట్టారు. అయ్యా, మా వైపు పెళ్లికి దిగిన మగపెళ్లివారు కూడా ఇంటివాళ్ల పాడిగేదె జోలికి పోరు.

ఈలోపు కింద సీజర్ తవ్వించడం మొదలుపెట్టాడు. కొండ చుట్టూ 11 రోమన్ మైళ్లు, అంటే దాదాపు 16 కిలోమీటర్ల కట్టడం. మీకోసం బయటినుంచి వచ్చేవాళ్లని ఆపడానికి దాని వెనక ఇంకోటి, 14 మైళ్లది. 15 అడుగుల వెడల్పు కందకాలు రెండు, లోపలిదాంట్లోకి పల్లపు చోట్ల ఏటినీళ్లు మళ్లించారు. 12 అడుగుల కట్ట, 80 అడుగులకో బురుజు. మూడేసి అడుగుల గుంటలు తవ్వి, అడుగున సూదిగా చెక్కిన మొద్దులు పాతి, పైన పుల్లలూ రొట్టా కప్పారు. రోమన్ సైనికులు వాటికి ముద్దుగా ‘లిల్లీలు’ అని పేరు పెట్టుకున్నారు.

గింజలు అయిపోయాయి. సాయం వస్తుందన్న గడువూ దాటిపోయింది. అప్పుడు మీ సభలో మీ ఆర్వెర్నీ పెద్ద క్రిటోగ్నాటస్ లేచాడు. పూర్వం ఉత్తరాది నుంచి వచ్చిపడ్డ సింబ్రీ, ట్యూటన్ తెగల దండయాత్రలో మన తాతలు యుద్ధానికి పనికిరాని ఒళ్లని తిని ప్రాణం నిలుపుకున్నారు, లొంగలేదు, మనమూ అదే చేద్దాం అన్నాడు. మీ సభ ఎంత నాగరికమైందంటే, దాన్ని చివరి మార్గంగా పక్కనపెట్టి, ముందు పనికిరానివాళ్లని బయటికి పంపుదాం అని తీర్మానించింది. ఎవరు పనికిరానివాళ్లు? ముసలివాళ్లు, జబ్బువాళ్లు. ఆ తర్వాత? ఊరి సొంతదార్లు. ‘వీళ్లని ఊళ్లోకి చేర్చుకున్న మాండుబీలు’ పెళ్లాంబిడ్డలతో సహా బయటికి పోవాల్సి వచ్చింది అని సీజర్ రాశాడు. ఆ ‘చేర్చుకున్న’ అన్న మాట ఎందుకు వేశాడో గానీ, ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే గుచ్చుకున్న మాట అది. శత్రువుకే అనిపించింది, ఇదేదో బాగోలేదని.

అలా అనిపించినవాడు తనేం చేశాడయ్యా అంటే, కట్టమీద కాపలా పెంచాడు. బానిసలుగా అయినా తీసుకోండి, ఇంత కూడు పెట్టండి అని వాళ్లు ఏడుస్తూ బతిమాలితే లోపలికి రానివ్వలేదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని మేం మాటవరసకి అంటాం. మాండుబీలకి అది మాటవరస కాదు, అడుగుల్లో కొలిచి తవ్వినది.

ఆ తర్వాతి వాక్యంలో సీజర్ సాయానికొచ్చిన గాలిక్ సైన్యం దగ్గరికి వెళ్లిపోయాడు. మాండుబీలు ఏమయ్యారో రాయలేదు. రెండున్నర శతాబ్దాలు దాటాక రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు: రెండు పక్షాలూ కాదన్నాక మధ్యలోనే దిక్కులేని చావు చచ్చారని. మనుషుల్ని తిందామన్నవాడికి సీజర్ పుస్తకంలో పూర్తి ఉపన్యాసం దక్కింది. అన్నం పెట్టమన్నవాళ్లకి దక్కింది రెండు మూడు వాక్యాలు.

మీకు జరిగింది తక్కువేమీ కాదు. లొంగిపోయారు, ఆరేళ్లు రోమ్‌లో చెరసాల, క్రీ.పూ. 46లో సీజర్ విజయోత్సవం ముగిశాక చంపేశారు. అది తల్చుకుంటే నాకూ బాధే. కానీ పట్టుబడ్డవాళ్లని సైనికుడికి ఒకరు చొప్పున పంచిన సీజర్, ఏడుయీలనూ ఆర్వెర్నీలనూ మాత్రం పక్కనపెట్టి, 20,000 మందిని వాళ్ల తెగలకి తిరిగి ఇచ్చేశాడు. పెద్ద తెగలతో ఆయనకి ఇంకా పనుంది. మీవాళ్లు ఇళ్లకి చేరారు.

పందొమ్మిది వందల ఏళ్ల తర్వాత ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌కి మీరు గుర్తొచ్చారు. తవ్వకాలు చేయించాడు. ఒక చేత్తో సీజర్ చరిత్ర రాస్తూ, ఇంకో చేత్తో సీజర్‌కి లొంగినవాడికి విగ్రహం పెట్టించాడు, ఎటు పోయినా నష్టం లేకుండా. శిల్పి ఎమే మిల్లే రాగిరేకులు కొట్టి మిమ్మల్ని ఆరున్నర మీటర్లకు పైగా లేపాడు. మీ మొహంలో చక్రవర్తిగారి పోలికలున్నాయని అప్పటినుంచీ జనం నవ్వుకుంటూనే ఉన్నారు. దిమ్మె మీద మీరన్నట్టుగా ఒక మాట చెక్కించారు: ఒకే జాతిగా, ఒకే మనసుతో కలిసికట్టుగా నిలిచిన గాల్ ప్రపంచాన్నే ఎదిరించగలదని. ఐక్యత గొప్పదే. ఆ ఐక్యతలోంచి ఇంటివాళ్లని నెట్టేసిన చోటే దాన్ని చెక్కడానికి ఎంత గుండె కావాలో! అయిదేళ్లు తిరిగేసరికి చెక్కించినాయన కూడా సెడాన్‌లో ప్రష్యన్లకి లొంగిపోయాడనుకోండి.

అసలు అలీజియా ఇది కాదు, మాదేనని 1855 నుంచి అలేజ్ అనే ఊరి తరఫున పేచీ, తర్వాత జూరా కొండల్లోంచి ఇంకో పేచీ. 1990ల్లో ఫ్రెంచి, జర్మన్ పండితులు కలిసి మళ్లీ తవ్వి, రోమన్ కందకాలు ఇక్కడే ఉన్నాయని చూపించారు. యుద్ధం మా ఊళ్లో జరిగిందని కొట్టుకున్నవాళ్లున్నారు గానీ, మాండుబీలు మావాళ్లని కోర్టుకెక్కినవాడు ఒక్కడూ కనిపించడు.

2012లో కింద మైదానంలో గుండ్రటి ప్రదర్శనశాల కట్టారు. దాని పక్కనే సీజర్ కట్టనీ బురుజుల్నీ కొంత మేర మళ్లీ కట్టి చూపిస్తున్నారు. అప్పుడు మాండుబీలని రానివ్వని గోడ ఇప్పుడు టికెట్టు కొన్నవాళ్లందర్నీ రానిస్తోంది.

చివరగా ఒక మంచిమాట. ముట్టడి తర్వాత ఈ కొండ మీద రోమన్ కాలపు ఊరు లేచింది, లోహపు పనికి పేరు తెచ్చుకుంది. రాగి, కంచు సామాన్లకి కళాయి పూయడం గాల్ వాళ్లే కనిపెట్టారనీ, గుర్రపు సామగ్రికి వెండిపూత వేయడం అలీజియాలో మొదలైందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మీరు చూడబోతే రాగిరేకు, చిలుము పట్టి ఒళ్లంతా పచ్చబడింది. కళాయి వేయించుకోవాలనిపిస్తే దూరం వెళ్లక్కర్లేదు, మీ కాళ్ల కిందే పనివాళ్ల ఊరు. కూలి మాత్రం ముందే ఇవ్వండి. పశువుల బాకీ ఇంకా తీరలేదు.

ఇట్లు,
మాండుబీల తరఫున వకాల్తా ఎవరూ ఇవ్వకపోయినా పుచ్చుకున్న ఒక తెలుగువాడు