సత్యం రాజు ‘ఒక్క రూపాయి తినలేదు’ అంటున్నవాళ్లకు

మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమస్తాల వాట్సాప్ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతున్నది. హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ పెట్టిన రామలింగరాజు సొంతానికి ఒక్క రూపాయి తినలేదట. అమెరికా మాంద్యంలో కంపెనీని నిలబెట్టడానికి లెక్కలు మార్చాడట. తనంతట తానే ఒప్పుకున్నాడట, ఎవరికీ నష్టం రాలేదట, కోర్టు కూడా వదిలేసిందట. 108 అంబులెన్స్ ఇచ్చిన మనిషిని మనమే తొక్కేసుకున్నామట. మిల్లు లెక్కలు రాసి బతికేవాణ్ని, దీనికి జవాబు చెప్పకుండా ఊరుకోలేను.

ముందు మాంద్యం సంగతి. అమెరికా కుప్పకూలింది 2008లో. 2009 జనవరి 7న తప్పు ఒప్పుకుంటూ రాజు కంపెనీ బోర్డుకు రాసిన లేఖలోనే, లాభాలు పెంచి చూపడం కొన్నేళ్లుగా నడుస్తున్నదని ఉన్నది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల లెక్కా ఆయనే ఇచ్చాడు. ఆదాయం 2,700 కోట్లని చూపించారు, అసలు వచ్చింది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, వచ్చింది 61 కోట్లు. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లుంటే అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు.

నెలాఖరున నేను బ్యాంకు స్టేట్‌మెంట్ ఎడమ పక్కన, లెడ్జరు కుడి పక్కన పెట్టుకుని ఒక్కో పద్దుకు పెన్సిల్‌తో టిక్కు కొడుతూ పోతా. పది రూపాయలు తేడా వస్తే రాత్రి ఇంటికి పోను. 5,040 కోట్ల తేడా చేయి జారితే వచ్చేది కాదు. దొంగ ఇన్‌వాయిసులు, దొంగ డిపాజిట్ రసీదులు, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక్కొక్కటిగా కూర్చుని తయారుచేయాలి. ఆడిటర్లు బ్యాంకుల నుంచి నేరుగా ధ్రువీకరణ తెప్పించుకోకుండా కంపెనీ చేతికిచ్చిన కాగితాలను నమ్మారు. గోదాంలో ముందు వరసన వడ్ల బస్తాలు, వెనక ఊక బస్తాలు పేర్చి స్టాకు లెక్క చూపితే దాన్ని మనం మాంద్యం అనం.

ఇక ‘తినలేదు’ అన్న మాట. జనం ఎక్కువగా నమ్మేది ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. రాజు కుటుంబం తమ షేర్లను ఎస్‌ఆర్‌ఎస్‌ఆర్ హోల్డింగ్స్ అనే కంపెనీలోకి మార్చింది. ఆ షేర్లు తాకట్టు పెట్టి వందల కోట్ల అప్పులు తెచ్చారు. షేరు ధర ఎంత పెరిగితే అంత ఎక్కువ అప్పు పుడుతుంది. ఆ ధరను పెంచింది దొంగ లాభాలే. తడిసిన వడ్లను ఏ గ్రేడ్ అని రాయించి గోదాం రసీదు మీద అప్పు తెచ్చుకున్నట్టే ఇది. అది చాలదన్నట్టు 2001లో పాతిక శాతం పైన ఉన్న ప్రమోటర్ల వాటా 2008 మార్చికల్లా తొమ్మిది శాతం లోపుకు దిగింది. 2014 జులైలో షేర్ మార్కెట్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ సెబీ, రాజుతో పాటు మరో నలుగుర్ని 14 ఏళ్లు మార్కెట్‌కు దూరం పెట్టి, అక్రమంగా పొందిన 1,849 కోట్లు వడ్డీతో కట్టమన్నది. అప్పీళ్ల తర్వాత ఆ మొత్తం తగ్గింది, నిజమే. తగ్గింది గానీ సున్నా కాలేదు.

మేటాస్ గురించి ఈ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. 2008 డిసెంబరు 16న కుటుంబానికే చెందిన రియల్ ఎస్టేట్, నిర్మాణ కంపెనీలు మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను సత్యం డబ్బుతో 160 కోట్ల డాలర్లకు కొనబోయారు. ఇన్వెస్టర్లు తిరగబడితే కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల జాగాలో ఉన్న ఆస్తులు పెట్టడానికి అది చివరి ప్రయత్నమని లేఖలో రాజే రాశాడు.

‘తనంతట తానే’ అన్నది కూడా మేటాస్ బేరానికీ లేఖకూ మధ్య మూడు వారాలు చూస్తే నిలవదు. అప్పులిచ్చినవాళ్లు తాకట్టు షేర్లు అమ్మేస్తున్నారు. సత్యం మీద ప్రపంచ బ్యాంకు పెట్టిన ఎనిమిదేళ్ల నిషేధం బయటపడ్డది. నలుగురు డైరెక్టర్లు రాజీనామా చేశారు. దారులన్నీ మూసుకుపోయాకనే ఆ లేఖ వచ్చింది.

ఎవరికీ నష్టం రాలేదా? లేఖకు ముందు రోజు 179 రూపాయలున్న షేరు ఒక్క రోజులో 40కి పడ్డది. ఉద్యోగాలు నిలబడ్డాయంటే అది కేంద్రం వేసిన కొత్త బోర్డు వల్ల, 2009 ఏప్రిల్‌లో షేరుకు 58 రూపాయలు పెట్టి కొన్న టెక్ మహీంద్రా వల్ల. అమెరికాలో వాటాదారులు వేసిన దావా తేల్చుకోవడానికి 12.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది సత్యం కంపెనీయే, అది కూడా కొత్త యాజమాన్యం వచ్చాక.

కోర్టు వదిలేయలేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు వేసింది. మరుసటి నెల అప్పీలు మీద శిక్ష నిలిపి బెయిలిచ్చారు. బెయిలు వేరు, నిర్దోషి అనడం వేరు.

108 మంచి పని. 2005 ఆగస్టు 15న మొదలైంది, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నడిపే ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వమే భరించింది, అంటే మన పన్నులే. రాజు జైలుకు పోయాక కూడా ఆ బండ్లు ఆగలేదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద యాక్సిడెంటైతే ఇవ్వాళ కూడా 108కే ఫోన్ చేస్తున్నాం.