డ్రాక్యులాను చంపింది నవ్వు కాదు

హాలీవుడ్ పాత భయానక చిత్రాల మీద ఒక వాదన తెగ తిరుగుతోంది. 1948లో అబాట్, కాస్టెల్లో అనే హాస్యనటుల జంట సినిమా ‘అబాట్ అండ్ కాస్టెల్లో మీట్ ఫ్రాంకెన్‌స్టైన్’ వచ్చి డ్రాక్యులాను, తోడేలు మనిషిని నవ్వులపాలు చేసిందట, యూనివర్సల్ స్టూడియో రాక్షసుల కథ దానితోనే ముగిసిందట. వినడానికి బాగానే ఉంది కానీ తేదీలే ఒప్పుకోవు.

అప్పటికే ఆరిపోయిన పొయ్యి అది. 1944, 1945 చిత్రాల్లో రాక్షసులందరినీ ఒకే కథలో కుక్కే స్థితికి స్టూడియో దిగింది. ‘హౌస్ ఆఫ్ డ్రాక్యులా’లోనైతే తోడేలు మనిషికి వైద్యం చేసి నయం కూడా చేసేశారు! ఆ ఇద్దరితో పాటు ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుణ్ణి కూడా మళ్లీ తెర మీదికి పిలిచింది 1948 హాస్య చిత్రమే.

ఇక నవ్వులపాలు చేయడం. ఈ మాట అనేవారు సినిమా చూశారా అని నా అనుమానం. బేలా లుగోసీ 1931 తర్వాత పూర్తి నిడివి చిత్రంలో డ్రాక్యులాగా మళ్లీ నటించింది ఇందులోనే. ఆ గాంభీర్యం ఎక్కడా సడలలేదు. చంద్రోదయానికి ముందే తనను గదిలో పెట్టి తాళం వేయమని, నిండు చంద్రుడు వస్తే తోడేలుగా మారిపోయే మనిషి వేషంలో లాన్ చానీ జూనియర్ బతిమాలుతుంటే అందులో వెటకారం ఇసుమంతైనా కనిపించదు. నవ్వు పుట్టేది నోరు పెగలక గుడ్లు తేలేసే కాస్టెల్లో నుంచి. ఎదుట ఉన్నవాడు నిజంగా భయంకరంగా లేకపోతే ఆ బెదురుకు ఎవరు నవ్వుతారు? చిత్రీకరణలో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి వేషధారి గ్లెన్ స్ట్రేంజ్ కాలు విరిగితే, ఒక షాట్ కోసం చానీయే ఆ వేషమూ వేసుకున్నాడు. ఆ పాత్రలను చులకనగా చూసినవాళ్లు చేసే పనా ఇది?

1931లో ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడిగా నటించిన బోరిస్ కార్లోఫ్ ఆ సినిమా చూడటానికే ఇష్టపడలేదని కొందరు గుర్తు చేస్తారు. కావచ్చు. 1953లో అదే జంటతో జెకిల్, హైడ్ కథలో నటించింది కూడా ఆయనే.

కథ ముగిసిందన్న మాటకు జవాబు పొడవుగా అక్కర్లేదు. 1954లో యూనివర్సలే ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’ తీసింది. 1957లో ఇంగ్లండ్‌లో హామర్ సంస్థ ఫ్రాంకెన్‌స్టైన్‌కు రంగులద్దింది, మరుసటి ఏడాది డ్రాక్యులాకూ.

పేరడీ తీసేవారికి అసలు చిత్రాలంటే చిన్నచూపు అన్నది చివరి ఆరోపణ. 1974లో ‘యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్’ను నలుపు తెలుపుల్లోనే తీస్తానని దర్శకుడు మెల్ బ్రూక్స్ పట్టుబట్టాడు. కొలంబియా సంస్థ కాదంటే ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్‌కు వెళ్లాడు తప్ప రంగులకు ఒప్పుకోలేదు. 1931 ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో మెరుపులు చిమ్మిన ప్రయోగశాల సామగ్రిని, దాన్ని తయారుచేసిన కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ ఇంకా దాచుకున్నాడని తెలిసి వాటినే తెచ్చి వాడాడు. 1931లో ఆ పనికి తెర మీద పడని స్ట్రిక్‌ఫాడెన్ పేరు బ్రూక్స్ పేరడీలో పడింది.