అమ్మకం లేని పండగలను అరికట్టాలి

సెప్టెంబర్ 19 వచ్చిందంటే ప్రపంచంలో కొన్నిచోట్ల, అప్పటిదాకా బుద్ధిగా ఉద్యోగం చేసుకుంటున్న మనుషులు సముద్రపు దొంగల్లా మాట్లాడటం మొదలెడతారు. కంటికి అడ్డంగా నల్లగుడ్డ కట్టుకుని, మేనేజర్‌ని ‘కెప్టెన్’ అని పిలుస్తూ, ప్రతి మాటకీ ముందో వెనకో ‘ఆర్ర్ర్’ అని గర్జిస్తారు. దీనికి అంతర్జాతీయ దినోత్సవం అని పేరు కూడాను. ఐక్యరాజ్యసమితి తీర్మానం లేదు, ఏ సర్కారూ జీవో ఇవ్వలేదు. 1995 జూన్ 6న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జాన్ బార్, మార్క్ సమ్మర్స్ అనే ఇద్దరు స్నేహితులు రాకెట్‌బాల్ ఆడుతూ, ఎందుకో ఏమో, ఓడదొంగల యాసలో కేకలు వేసుకున్నారు. బాగుందనిపించింది. దీనికంటూ ఒక రోజు ఉండాలనుకున్నారు. జూన్ 6నే పెట్టుకుందామంటే అది రెండో ప్రపంచయుద్ధంలో మిత్రసేనలు నార్మండీ ఒడ్డున దిగిన రోజు. ఆ మాత్రం పెద్దాచిన్నా వాళ్లకూ తెలుసు. మరెప్పుడు? సమ్మర్స్‌కి తన మాజీ భార్య పుట్టినరోజు గుర్తుంది. విడాకులయ్యాక ఆ తేదీన ఆయనకు ఎలాగూ పనేం లేదు. ముహూర్తం కుదిరిపోయింది.

ఆ తర్వాత ఏడేళ్లు ఈ వేడుక వాళ్లకీ, వాళ్ల చుట్టుపక్కల నలుగురికీ తప్ప పరాయివాడికి తెలీదు. 2002లో డేవ్ బారీ అనే హాస్య కాలమిస్టుకు సంగతి చేరవేశారు. ఆయన రాశాడు. ఇక ఆగలేదు.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. నేను అడిగేది ఒక్కటే: ఈ పండగలో ఎవరికి గిట్టింది? కంటిగుడ్డ పాత లుంగీలోంచి చించుకోవచ్చు. ‘ఆర్ర్ర్’కి ఎమ్మార్పీ లేదు. లక్షలాదిమంది ఒక పూటంతా సంతోషంగా గడిపి, ఆ సంతోషానికి ఒక్క బిల్లు కూడా తీసుకోకుండా ఇంటికి పోయారంటే, ఆ దేశ ఆర్థిక మంత్రికి రాత్రి నిద్ర ఎలా పడుతుందో నాకు అర్థం కాదు.

బాధ్యతగల పండగ ఎలా ఉంటుందో చూడాలంటే అక్షయ తృతీయ నాడు ఏ నగల దుకాణానికైనా వెళ్లండి. పొద్దున్నే పేపర్ మొదటి పేజీ నిండా హారం. వార్తలు మూడో పేజీకి తప్పుకుంటాయి. దుకాణం ముందు షామియానా, మజ్జిగ, టోకెన్లు. లోపల ఒకావిడ అర గ్రాము నాణెం కొంటుంది. నాణెం కంటే అది పెట్టుకున్న ఎర్ర వెల్వెట్ డబ్బా బరువు. అయినా ఆ డబ్బాని రెండు చేతులతో కళ్లకద్దుకుని, వాళ్లిచ్చిన క్యాలెండర్ కూడా అడిగి తీసుకుని బయటికొస్తుంది. భక్తీ ఉంది, బిల్లూ ఉంది. ఎవరైనా వేలెత్తి చూపగలరా?

ఈ విషయంలో చైనావాళ్లను చూసి నేర్చుకోవాలి. 1990లలో నాన్‌జింగ్ విశ్వవిద్యాలయంలో పెళ్లికాని కుర్రాళ్లు నాలుగు ఒకట్లు ఒకచోట చేరిన (11/11) నవంబర్ 11ను ఒంటరివాళ్ల రోజన్నారు. పాపం, హాస్టల్ పిల్లల దిగులు. 2009లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ అలీబాబా ఆ దిగులుకి డిస్కౌంట్ జోడించింది. 2019లో ఆ ఒక్క రోజే ఆ కంపెనీ వేదికల మీద 26,840 కోట్ల యువాన్ల బేరం జరిగింది. పిల్లలకు పెళ్లిళ్లు అయ్యాయా అని అడక్కండి, అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

అనాథ పండగను దత్తత తీసుకున్న ఉదాహరణ కూడా ఉంది. ఇటలీలో ఉంటున్న సారా రోసో అనే అమెరికన్ బ్లాగరు 2007లో ఫిబ్రవరి 5ను నుటెల్లా దినంగా ప్రకటించింది. నుటెల్లా అంటే రొట్టెకి పూసుకునే చాక్లెట్ ముద్ద. పైసా తీసుకోకుండా ఏటా ఆ సీసాని ఊరేగించింది. 2013లో దాన్ని తయారుచేసే ఫెరెరో కంపెనీ లాయర్లు ఆమెకు ఇక ఆపమని నోటీసు పంపారు. తమను పొగిడేవాళ్లకి నోటీసిచ్చే ధైర్యం ఎందరికుంటుంది? జనం గోల చేసేసరికి వెనక్కి తీసుకున్నారు గానీ, 2015కల్లా ఆ రోజు కంపెనీ చేతికే వచ్చింది. ఇప్పుడు క్షేమంగా ఉంది.

మనవాళ్ల సంగతికొస్తే, 2023 ఫిబ్రవరి 6న కేంద్ర జంతు సంక్షేమ మండలి, ఆ ఫిబ్రవరి 14న ఆవుల్ని కౌగిలించుకోండని విజ్ఞప్తి చేసింది. 10వ తేదీకల్లా ఉపసంహరించుకుంది. ఎందుకన్నదానికి ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. నా లెక్క వేరు. ఆ వారమంతా, 7వ తేదీ గులాబీ రోజు మొదలుకుని చాక్లెట్లవాళ్లకీ, టెడ్డీబేర్లవాళ్లకీ ఏనాడో లీజుకి పోయింది. లీజులో ఉన్న స్థలంలోకి ఆవుని తోలితే ఊరుకుంటారా?

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. జనవరి 16. హెరాల్డ్ కాఫిన్ అనే అమెరికన్ కాలమిస్టు 1972లో ఒక ప్రతిపాదన పెట్టాడు. దేశంలో ఉత్సవాలు మరీ ఎక్కువైపోయాయి, దేన్నీ పాటించకుండా, ఎవర్నీ స్మరించకుండా, ఊరికే కూర్చునేందుకు ఒక్క రోజు కావాలి అని. మరుసటేడు నుంచి అది ‘జాతీయ శూన్య దినం’గా నడుస్తోంది. కాలమిస్టులు ఇలాంటివారు కాబట్టే మాకు సమాజంలో విలువ లేదు.

ఆ విషానికి విరుగుడు బ్రిటన్‌లో దొరికింది. 2005లో స్కై ట్రావెల్ అనే టీవీ ఛానెల్ జనవరిలో ఒక సోమవారం ఏడాదిలోకెల్లా దిగులు రోజని ఒక సూత్రంతో సహా ప్రకటించింది. తర్వాత్తర్వాత అది మూడో సోమవారంగా స్థిరపడింది. వాతావరణం, అప్పులు, క్రిస్మస్ అయిపోయి ఎన్నాళ్లయింది, కొత్త ఏడాది శపథాలు ఎప్పుడు చెడాయి — అన్నీ కూడి, భాగించి తేల్చారు. ఆ ఛానెల్ వ్యాపారం విహారయాత్రలది కావడం మీరు గమనించే ఉంటారు. ఆ సూత్రాన్ని కట్టిన క్లిఫ్ ఆర్నాల్ గారే తర్వాత ఏడాదిలోకెల్లా సంతోషకరమైన రోజు జూన్‌లో వస్తుందని ఒక ఐస్‌క్రీమ్ కంపెనీకి లెక్క కట్టి ఇచ్చారు. శాస్త్రవేత్తలు ఈ సూత్రాలను చూసి ముఖం చిట్లించారట. వాళ్లకేం, నెల జీతాలు.

2023లో ఈ రెండూ ఒకే రోజు పడ్డాయి. జనవరి 16, సోమవారం. లండన్‌లో దిగులుపడి టికెట్ కొనాలి, అమెరికాలో ఊరికే కూర్చోవాలి. సరిగ్గా అదే రోజు మనకు కనుమ. ‘కనుమ నాడు కాకి కూడా కదలదు’ అన్నారు పెద్దలు. శూన్య దినాన్ని అమెరికావాడు ఇప్పుడు కనిపెట్టాడనుకోకండి, మనం కాకులకు సైతం వర్తింపజేశాం. పైగా ఊరికే కూర్చోమన్నారే గానీ, ఖాళీ కడుపుతో అనలేదు. మినుము తినాలన్నారు కాబట్టి గారెలు. గారెలున్నాయి కాబట్టి కోడికూర. కోడి ఉంది కాబట్టి గోదావరి జిల్లాల్లో మరికొన్ని విషయాలు, వాటి మీద చట్టం ఉన్నందున నేను వివరంలోకి పోను.

కనుమ నాడు ప్రయాణం వద్దనడంలో ఎంత ముందుచూపుందో ఈ మధ్యనే తట్టింది. 16న ఎవరూ కదలకపోతే 17న అందరూ ఒక్కసారే కదలాలి. ఆ రాత్రి కాకినాడ నుంచి హైదరాబాద్‌కి ప్రైవేటు బస్సులో సీటు ధర చూడండి. మన పూర్వీకులు అమాయకులని ఎవరన్నారు?

అందుకే ఒక చట్టం కావాలి. కొత్త దినోత్సవం పెట్టదలచినవాళ్లు ముందుగా ఏం అమ్ముతారో, ఎంతకి అమ్ముతారో రాతపూర్వకంగా చూపాలి. అమెరికాలో 1957లో ఛేజ్ సోదరులు మొదలెట్టిన దినోత్సవాల పుస్తకంలా ఎవరు పడితే వాళ్లు రాసి పంపితే చేర్చుకునే అలుసు ఇక్కడ పనికిరాదు. ఆ అలుసు వల్లే పెన్సిల్వేనియాలో థామస్ రాయ్, రూత్ అనే దంపతులు ఎనభై దాకా రోజులు పుట్టించి వదిలారు. వాటిలో ఆగస్టు 8 మరీ దారుణం. జుకినీ అని, మన సొరకాయకు వరసకి తమ్ముడు, వేసవిలో ఆ దేశపు పెరళ్లలో విపరీతంగా కాస్తుంది. తిని తిని విసిగినవాళ్లు ఆ రాత్రి చీకట్లో చప్పుడు కాకుండా పక్కింటి వసారాలో నాలుగు కాయలు పెట్టి పారిపోవాలి. ఇదే ఉత్సవం! కొన్నవాడు లేడు, అమ్మినవాడు లేడు, తీసుకున్నవాడికి తీసుకునే ఉద్దేశం లేదు.

మన దగ్గర ఇది తేదీ చూసుకోకుండానే జరుగుతోందని నా ఫిర్యాదు. పాదు విరగకాసిన ఇంటావిడ గేటు తీసుకుని వచ్చి, ‘వదినా, లేతవి, పప్పులో వేసుకో’ అని రెండు కాయలు అరుగు మీద పెట్టి, వద్దనేలోపే వెళ్లిపోతుంది. మార్కెట్లో కిలోకి ఎంత నష్టమో లెక్కగట్టే నాథుడు లేడు. పోనీ పన్నయినా వేద్దామని నిబంధనలు తిరగేశాను. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదట.