మాప్ కానుక ఎలా అవుతుంది?

సంక్రాంతి వస్తోందంటే చాలు, న్యూస్‌పేపర్‌తో పాటు సూపర్ మార్కెట్ కరపత్రం వచ్చి పడుతుంది. ఏటా అదే బొమ్మ. పట్టుచీర కట్టుకుని, అరిసెల పళ్లెం పట్టుకుని నవ్వే ఆవిడ. సోఫాలో కూర్చుని చెయ్యి చాపే ఆయన. పైన పెద్ద అక్షరాలతో "అమ్మకు పండగ కానుక", కింద కుక్కర్, మిక్సీ, నేల తుడిచే మాప్! మాప్ కానుక ఎలా అవుతుందండీ? ఆ నేల మీద నడిచేది ఆవిడ ఒక్కతేనా?

మా అమ్మ తడిపిండి ఆరకముందే పాకం పట్టి, మూకుడు ముందు గంటల తరబడి కూర్చునేది. అరిసెలు నొక్కీ నొక్కీ మణికట్టు వాచిపోయేది. ఆ ఫొటోలో ఆవిడ ముఖాన ఒక్క చెమట చుక్కయినా ఉందా?

రోజులో ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో లెక్కగట్టే టైమ్ యూజ్ సర్వే 2019లో కేంద్రం చేసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది. చేసే మగవాళ్లు 97 నిమిషాలే. అసలు రోజులో ఆ పని ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది! ఏం, వంట రాదా? పెళ్లిళ్లలో వందల మందికి గరిటె తిప్పేది ఎవరు? హోటళ్లలో దోసెలు పోసేది ఎవరు? డబ్బులిస్తే వచ్చే పని ఇంట్లో ఎందుకు రాదు?

ఇంటిపని ఆడవాళ్ల బాధ్యతే అన్నట్టు చూపొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ కరపత్రాలు వేసేవాళ్లు ఒక్కసారైనా చదివారా?

మొన్న మా పాప ఆ కాగితం చూసి అడిగింది: "నాన్న ఎందుకు లేవట్లేదమ్మా?"