నూలు అని చెప్పి అమ్మిన గుడ్డ

బండారులంక మగ్గాల నూలు చీరల అంచులు, అమ్మమ్మ పాత చీరలు, అమలాపురం దర్జీల దగ్గర మిగిలిన కత్తిరింపులు కలిపి పన్నెండేళ్లుగా దాచుకున్న గుడ్డలతో నా రెండు ట్రంకుపెట్టెలు నిండిపోగా, మూడు బొంతలు సగంలో ఆగి ఉన్నాయి. నా బద్ధకం వల్ల మాత్రం అవి ఆగలేదు. అచ్చమైన నూలని దుకాణదారు గట్టిగా చెప్పి అమ్మిన నీలి గుడ్డను ఐదంగుళాల చదరాలుగా కోసి నాలుగు వరుసలు కుట్టాక, ఇస్త్రీపెట్టె తగలగానే అది ముడుచుకుపోయింది. అనుమానంతో ఒక పోగు వెలిగించి చూశాను. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద కావాలి. ఇది కరిగి గట్టి పూసలా మిగిలింది. పాలిస్టర్ అని ముందే చెబితే కొనేదాన్నే కాదు కదా! మీటరుకు తగ్గితే కత్తిరించబోమంటారు కనుక పరీక్షించడానికి చిన్న ముక్క కూడా దొరకదు. వానాకాలం తేమకు పెట్టెల్లోని గుడ్డలకు బూజు మచ్చలు పడుతున్నాయని ఎండ కాసిన రోజు ఆరబెడితే, పీలికలనుకొని ఇంట్లోవాళ్లు వాటితో సైకిలు తుడుస్తారు. ఇప్పుడు ఆ నీలి వరుసలను, పక్కనున్న అమ్మమ్మ చీర ముక్కలు చిరగకుండా, ఒక్కొక్క కుట్టే విప్పుతున్నాను.